టిక్కు పడింది, తనిఖీ జరిగిందా?

2024 ఆగస్టు 21, మధ్యాహ్న భోజన వేళ. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో మందుల తయారీకి కావలసిన రసాయనాలు చేసే ఎసైన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ కర్మాగారంలో ఒక ద్రావణి లీకైంది. ఆవిరి గాలిలో కలిసి, అంటుకుని పేలింది. 17 మంది చనిపోయారు. ముప్పై మందికి పైగా గాయపడ్డారు. మర్నాడు ముఖ్యమంత్రి వచ్చి చూశారు, ప్రభుత్వం ఉన్నత స్థాయి కమిటీ వేసింది, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది.

లీకైన ద్రావణి పేరు మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్. కంపెనీల్లో అంతా ఎమ్‌టీబీఈ అంటారు. ఇది 55 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి మైనస్ 28 డిగ్రీల చలిలోనే పుడుతుంది. అంటే అనకాపల్లి జిల్లా ఎండలో ఇది ఏ క్షణాన బయటపడినా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. దీని ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు కాబట్టి పైకి పోయి చెదిరిపోదు. నేలమీదుగా పాకుతుంది, కాలవల్లోకి, కింది అంతస్తుల్లోకి దిగుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది.

ఇలాంటి ద్రవం నడిచే చోట ప్రాణాలు కాపాడేది ఒక పెద్ద యంత్రం కాదు, డజన్ల కొద్దీ చిన్న పనులు. పైపులు కలిసే చోట (ఫ్లాంజ్) బోల్టులు బిగిశాయా, గాస్కెట్ మార్చారా, ఎర్తింగ్ క్లిప్పు పెట్టారా, రియాక్టర్‌లోకి నైట్రోజన్ వదిలారా, వెల్డింగ్ మొదలుపెట్టే ముందు మీటరుతో గ్యాస్ చూశారా? ప్రతి ప్రశ్నకూ ఎవరో ఒకరు వెళ్లి, చూసి, అవునో కాదో రాయాలి. దానికోసమే పర్మిట్ పద్ధతి పుట్టింది. చమురు రంగంలో దీనికి ఓఐఎస్‌డీ 105 అనే ప్రమాణం ఉంది. వెల్డింగ్ లాంటి నిప్పుపనికి, అంటే హాట్ వర్క్‌కు ఒక పర్మిట్, ట్యాంకులోకి దిగడానికి ఒకటి, ఎత్తులో పనికి ఒకటి. కొన్నేళ్ల కిందటిదాకా ఇవి చాలావరకు కార్బన్ పెట్టి రాసే కాగితాలే. ఇప్పుడు రిఫైనరీల్లో, ఉక్కు కర్మాగారాల్లో, పెద్ద మందుల కంపెనీల్లో క్రమంగా ట్యాబ్‌లోకి, ఫోన్‌లోకి వస్తున్నాయి. ఒక్కో ప్రశ్నా తెరమీద కనిపిస్తుంది, వేలితో నొక్కితే టిక్కు పడుతుంది, అన్నీ నిండితేనే తరవాతి మెట్టు తెరుచుకుంటుంది. నెలాఖరుకు మేనేజరు గదిలోని తెరమీద పచ్చరంగు గీత కనిపిస్తుంది: ఈ నెల తనిఖీలు నూటికి నూరు శాతం పూర్తి.

ఆ నూరు శాతం దేనికి సాక్ష్యం? ఫారం నిండిందని చెబుతుంది. ఫ్లాంజ్ దగ్గరికి మనిషి వెళ్లాడని చెప్పదు. చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు చేసేవాళ్లు చేతిలో గళ్ల కార్డు పట్టుకుని, ఒక చుట్టు తిరిగాక ఒక గడి కొట్టేస్తారు. అక్కడ అడుగు ముందు పడుతుంది, టిక్కు తరవాత పడుతుంది. ఫ్యాక్టరీలో ఈ వరస తిరగబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తిరగబడిందో లేదో పచ్చగీతకు తెలియదు.

ఇది ఊహ కాదు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీలో బీపీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఒక పొడవాటి టవర్‌ను మరమ్మతుల తరవాత తిరిగి నడిపిస్తున్నారు. అడుగున కొద్దిగా ఉండాల్సిన ద్రవం 150 అడుగులు దాటి నిండిపోయింది. కంట్రోల్ రూమ్‌లోని మీటరు మాత్రం పదడుగుల లోపే చూపిస్తూ పోయింది, మోగాల్సిన అలారం మోగలేదు. అమెరికా రసాయన భద్రతా బోర్డు దర్యాప్తులో తేలిన ఒక సంగతి ఈ వ్యాసానికి ముఖ్యం. స్టార్టప్‌కు ముందు అలారాలను, మీటర్లను పరీక్షించాలని పద్ధతి పుస్తకంలో ఉంది. టెక్నీషియన్లు పరీక్షలు మొదలుపెట్టారు కూడా. టైము లేదని మధ్యలో ఆపించారు. అయినా పరీక్షలు పూర్తయినట్టు ఒక సూపర్‌వైజరు పొట్టి సంతకం కాగితంమీద ఉంది. ఆ కాగితాన్ని ఆఫీసులో కూర్చుని ఎవరు చూసినా లోపం పట్టుకోలేరు. అది పూర్తిగా నిండిన ఫారం.

ఆసుపత్రుల అనుభవం ఇంకా లోతుగా ఆలోచింపజేస్తుంది. ఆపరేషన్‌కు ముందూ తరవాతా చూసుకోవాల్సిన 19 అంశాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా దాన్ని అందుకుంది. ఆ తరవాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దాన్ని తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలతో 2014లో వచ్చిన అధ్యయనం చూసి వైద్యలోకం ఆశ్చర్యపోయింది. చాలా ఆసుపత్రులు తొంభై శాతానికి పైగా చెక్‌లిస్టు పాటిస్తున్నామని చెప్పాయి. మరణాలు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

కాగితం అదే, ప్రశ్నలు అవే. తేడా ఎక్కడుందనే దానిమీద చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఆపరేషన్ థియేటర్లో పరిశీలకుల్ని నిలబెట్టి చూసిన అధ్యయనాలు ఒక విషయం తేల్చాయి: రికార్డుల్లో ఉన్నంత పూర్తిగా చెక్‌లిస్టు నోటితో చదవడం, అందరూ ఆగి వినడం జరగడం లేదు. పూర్తయిందా అన్నది ఒక కొలత. ఎంత శ్రద్ధగా పూర్తయిందన్నది ఇంకో కొలత. మొదటిదాన్ని కొలవడం తేలిక కాబట్టి అందరూ దాన్నే కొలుస్తూ వచ్చారు.

రెండోదాన్ని కొలిచే దారి డిజిటల్ ఫారాలు తెరిచాయి. కాగితంమీద టిక్కు ఎప్పుడు పడిందో కాగితానికి తెలియదు. ఫోన్‌కు సెకన్లతో సహా తెలుసు. ఒక ఆపరేటర్ మూడంతస్తుల బ్లాకులో ముప్పై చోట్ల చూసి రావాలనుకుందాం. నడవడానికీ మెట్లెక్కడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. ముప్పై టిక్కులూ యాభై సెకన్లలో పడితే ఆ ఫారం ఒకేచోట కూర్చుని నింపిందని లెక్క చెబుతుంది. రోజంతా ఏమీ రాయకుండా షిఫ్టు దిగేముందు పది నిమిషాల్లో ఎనిమిది గంటల రీడింగులు ఎక్కినా అంతే. అందుకే టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధి మొదటి సూచిక. అది ఒక్కటే చాలదు. మనిషి ముందు తిరిగి, చూసి, చేతి గ్లవుజులు తీశాక ఒకేసారి నింపి ఉండొచ్చు. ద్రావణులు వాడే ప్రాంతంలో మామూలు ఫోన్ వాడటమే నిషిద్ధం కాబట్టి, నిప్పురవ్వ పుట్టని ప్రత్యేకమైన పరికరం లేని చోట అలా చేయడమే సరైన పద్ధతి కూడా. పక్కనే మరో ఆధారం లేకుండా వ్యవధిని చూసి ఎవరినీ తప్పుపట్టకూడదు.

ఆ మరో ఆధారాల్లో ఒకటి స్థలం. వాల్వు దగ్గర క్యూఆర్ కోడ్ అంటిస్తే, దాన్ని స్కాన్ చేస్తేనే ప్రశ్న తెరుచుకునేలా పెట్టొచ్చు. కోడ్‌ను ఫోటో తీసి కంట్రోల్ రూమ్‌లో పెట్టుకుని అక్కడే స్కాన్ చేసే ఉపాయమూ కార్మికులకు తెలుసు. దగ్గరికి తెస్తేనే పనిచేసే చిన్న చిప్పులకు ఆ తలనొప్పి లేదు.

అంకెలు ఇంకా ఎక్కువ చెబుతాయి. నిజంగా మీటరు చూసి రాసిన రీడింగులు కొద్దికొద్దిగా ఊగుతుంటాయి: 24.6, 25.1, 24.9. ఊహించి రాసినవి 25, 25, 25 అని నిలబడిపోతాయి, లేదా చివర సున్నాలు, ఐదులు ఎక్కువగా వస్తాయి. ఒకే మనిషి ఇచ్చే జవాబుల్లో నెలల తరబడి ఏ మార్పూ లేకపోతే, ఒకే ఫోటో మూడు రోజులు ఎక్కితే, సాఫ్ట్‌వేర్ పట్టుకోగలదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష, మనిషి రాసినదాన్ని యంత్రం రాసినదానితో పోల్చడం. హాట్ వర్క్ పర్మిట్‌లో "గ్యాస్ పరీక్షించాం, ఎల్‌ఈఎల్ సున్నా శాతం" అని ఉంటుంది. ఎల్‌ఈఎల్ అంటే గాలిలో ఆవిరి ఏ మోతాదు దాటితే పేలుతుందో ఆ గీత. మీటరు దానికెంత దగ్గర్లో ఉన్నామో శాతంలో చూపిస్తుంది. ఇప్పటి గ్యాస్ మీటర్లు ఎప్పుడు ఆన్ అయ్యాయో, ఎంత చదివాయో తమలో దాచుకుంటాయి. పర్మిట్‌లో పదీ పదికి పరీక్షించినట్టుండి, ఆ మీటరు పొద్దుటి నుంచి ఛార్జింగ్‌లోనే ఉంటే, ఒక ప్రాణం పోకముందే తెలిసిపోతుంది.

పర్మిట్‌ల మధ్య పొత్తు చూడటం కూడా డిజిటల్ పద్ధతికి సులువు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. ఒకే పంపుమీద రెండు పర్మిట్‌లు ఉన్నాయి. ఒకటి పంపు మరమ్మతుకు, ఇంకొకటి దాని సేఫ్టీ వాల్వు తీసినందుకు. రాత్రి షిఫ్టువాళ్లకు మొదటిది దొరికింది, రెండోది కనపడలేదు. పంపు సిద్ధంగానే ఉందనుకుని నడిపారు. వాల్వు తీసిన చోట తాత్కాలికంగా పెట్టిన మూత నుంచి గ్యాస్ ఎగజిమ్మింది. పంపు నంబరు కొడితే దానిమీదున్న పర్మిట్‌లన్నీ ఒకేచోట కనిపించడం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పనికాదు. ఎలక్ట్రానిక్ పర్మిట్‌వల్ల నిజమైన లాభం ఇదే. తెరమీద రంగులకన్నా దీనికోసమే ఖర్చు పెట్టాలి.

పై కొలతలన్నిటికన్నా విలువైనది, అతి తక్కువగా వాడేది ఒకటుంది: "కాదు" అనే జవాబుల లెక్క. సముద్రపు గాలికి ఇనుము నెలల్లో తుప్పుపట్టే అచ్యుతాపురం, పరవాడ లాంటి చోట వేల తనిఖీల్లో ఒక్క లోపమూ దొరకలేదంటే నమ్మశక్యం కాదు. ఎర్తింగ్ క్లిప్పు ఊడిన రోజుంటుంది, నిప్పు ఆర్పే సిలిండరు ప్రెషరు తగ్గిన రోజుంటుంది. వాటిని చూసినవాళ్లు రాస్తారు. నెలంతా అన్నీ "అవును" అయితే అది భద్రతకు గుర్తు కాదు, ఎవరూ చూడలేదనడానికి గుర్తు. "కాదు" అని రాశాక ఏం జరిగిందో కూడా లెక్కలోకి రావాలి. పని ఆగిందా? ఎన్ని గంటల్లో బాగుచేశారు? రాసినా ఎవరూ పట్టించుకోకపోతే మూడోసారి మనిషి రాయడం మానేస్తాడు.

ఇక్కడ మనిషి మెదడు పనితీరును కూడా అర్థం చేసుకోవాలి. హార్వర్డ్ పరిశోధకుడు జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఎక్స్‌రేలో సామాను తనిఖీని పోలిన బొమ్మలిచ్చి ఒక వస్తువును వెతకమన్నారు. ఆ వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు చూసేవాళ్లు 7 శాతం సార్లు దాన్ని పట్టుకోలేకపోయారు. నూటికి ఒక బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు పట్టుకోలేకపోయారు. బద్ధకం కాదది. అరుదైనదాన్ని వెతికే కన్ను తొందరగా "లేదు" అనే నిర్ణయానికి వచ్చేస్తుంది. భద్రతా తనిఖీలో లోపం అరుదు. అది అరుదుగా ఉండాలనే కదా అందరి తాపత్రయం. అందుకే ఏడాదిపాటు ఏమీ దొరకని చోట నిజాయితీపరుడి కన్ను కూడా జారుతుంది.

విమానాశ్రయాలు దీనికో మందు కనిపెట్టాయి. ఎక్స్‌రే తెరమీద అప్పుడప్పుడు సాఫ్ట్‌వేరే తుపాకీ బొమ్మనో కత్తి బొమ్మనో నిజం సామానులో ఉన్నట్టు చూపిస్తుంది. తనిఖీదారు పట్టుకుంటే మెచ్చుకుంటుంది, వదిలేస్తే చెబుతుంది. కన్ను మెలకువగా ఉంటుంది, ఎంత మెలకువగా ఉందో కొలతా దొరుకుతుంది. ఫ్యాక్టరీలోనూ ఇది సాధ్యమే. ప్రమాదం లేని చిన్న లోపాన్ని, అంటే గడువు దాటిన ట్యాగునో, చెరిగిపోయిన లేబుల్‌నో, కావాలనే పెట్టి ఎంతమంది పట్టుకున్నారో చూడొచ్చు. ఇలా పెడతారని ముందే అందరికీ చెప్పి చేయాలి. చాటుగా చేస్తే అది వల పన్నడమే అవుతుంది.

శ్రద్ధను పెంచడానికి ఇంకా పాత, ఇంకా చవకైన పద్ధతి మన రైళ్లలో రోజూ వినిపిస్తుంది. అనకాపల్లి, ఎలమంచిలి మీదుగా వెళ్లే ప్రతి రైలింజన్‌లో లోకో పైలట్, సహాయకుడు సిగ్నల్ రంగును గట్టిగా ఒకరికొకరు చెప్పుకుంటారు. జపాన్ రైల్వేలో వేలితో చూపిస్తూ నోటితో అంటారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో చేసిన ప్రయోగంలో, ఏమీ చేయనప్పుడు వంద పనులకు 2.38 తప్పులు వస్తే, చూపిస్తూ పలికినప్పుడు 0.38కి తగ్గాయి. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ ఒకేచోట పనిచేస్తే మనసు జారిపోదు. తెరమీద బొటనవేలు ఆడించడం దీనికి సరిగ్గా వ్యతిరేకం. డిజిటల్ ఫారం తయారుచేసేవాళ్లు మొదట ఆలోచించాల్సిన విషయమిది.

అయితే ఎంత శ్రద్ధగా నింపినా, ప్రశ్నే తప్పైతే ఫలితం ఉండదు. విశాఖ దీన్ని చాలా బాధాకరంగా నేర్చుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. నీరబ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నతాధికార కమిటీ ఆ ఏడాది జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకు ఉష్ణోగ్రత చూసే సెన్సర్ అడుగున మాత్రమే ఉంది. పైభాగంలో స్టైరీన్ వేడెక్కుతున్నా కింది మీటరుకు తెలియలేదు. ఆ మీటరును ఎంత నిజాయితీగా, ఎన్నిసార్లు చూసి రాసినా ప్రమాదం కనిపించేది కాదు. ప్రాంగణంలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటుండీ ఒక్కటీ మోగలేదని కూడా ఆ నివేదిక చెప్పింది. కాబట్టి శ్రద్ధను కొలిచే లెక్క కార్మికుడి దగ్గర ఆగిపోకూడదు. ఈ ప్రశ్న ఎవరు రాశారు, ఏ ప్రమాదాన్ని ఊహించి రాశారు, ఎన్నేళ్ల కిందట రాశారు అని ఫారాన్ని కూడా తనిఖీ చేయాలి.

కార్మికుడి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి తేటతెల్లమవుతుంది. తనిఖీ ఎగ్గొట్టే మనిషికి చాలాసార్లు వేరే దారి ఉండదు. షిఫ్టులో ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరుంటారు. బ్యాచ్ ఆలస్యమైతే అడిగేవాళ్లున్నారు, తనిఖీ ఆలస్యమైతే అడిగేవాళ్లు లేరు. సెజ్‌లో పనిచేసేవాళ్లలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్లున్నారు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులున్నారు. ఫారం ఇంగ్లిషులో ఉంటే, చదవలేని ప్రశ్నకు టిక్కు పెట్టడం తప్ప అతను చేయగలిగింది ఏముంది? తెలుగు, ఒడియా, హిందీల్లో ప్రశ్న, పక్కన బొమ్మ, నొక్కితే వినిపించే గొంతు పెట్టడం ఈ కాలంలో కష్టమైన పని కాదు. అలా చేయని కంపెనీకి తన కార్మికుల శ్రద్ధను కొలిచే నైతిక హక్కు లేదు.

కొలతను శిక్షగా మారిస్తే అది వెంటనే చెడిపోతుంది. కొలమానమే లక్ష్యమైపోతే అది మంచి కొలమానంగా నిలవదని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో ఒక సూత్రం వాడుకలో ఉంది. ఆయన 1975లో డబ్బు సరఫరా గురించి చెప్పిన మాట నుంచి పుట్టిందది. ఫ్యాక్టరీకి అక్షరాలా వర్తిస్తుంది. టిక్కుల మధ్య నలభై సెకన్లు లేకపోతే జీతంలో కోత అంటే, అందరూ నలభై సెకన్లు ఆగి టిక్కు కొడతారు. నెలకు ఐదు లోపాలు రాయాల్సిందే అంటే, ఐదు చిన్నా చితకా లోపాలు కచ్చితంగా వస్తాయి, ఆరోదైన పెద్ద లోపం రాకపోవచ్చు. అందుకే ఈ లెక్కలు మనిషి పేరుతో కాక పని పేరుతో చూడటం మేలు. ఫలానా తనిఖీ అన్ని షిఫ్టుల్లోనూ హడావుడిగా నడుస్తోందంటే తప్పు మనుషులది కాదు, ఆ తనిఖీకి ఇచ్చిన సమయానిదో, ఆ ప్రశ్నలదో, ఆ బ్లాకులో ఉన్న మనుషుల సంఖ్యదో. సెకను సెకనూ మనిషిని వెంటాడే సమాచారం ఎవరి చేతిలో ఉండాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది కార్మిక సంఘాలతో కూర్చుని ముందే తేల్చుకోవాల్సిన విషయం.

అచ్యుతాపురం సెజ్‌కు ఈ మాటలు దూరపు చుట్టాలు కావు. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో ఇక్కడి దుస్తుల పరిశ్రమలో వందలాది మంది మహిళలు విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలయ్యారు. 2023 జూన్ 30న సాహితీ ఫార్మాలో పేలుడు ప్రాణాలు తీసింది. ఎసైన్షియా ఆ మరుసటి ఏడాది. ఆ రోజుల్లో ఆయా చోట్ల ఏ ఫారంలో ఏముందో తేల్చాల్సింది దర్యాప్తులు. కానీ ప్రతి ప్రమాదం తరవాతా ప్రభుత్వం సేఫ్టీ ఆడిట్‌లు ఆదేశిస్తుంది. ఆడిట్‌లో అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ "రికార్డులు ఉన్నాయా?" అన్నదే. రికార్డులు ఉంటాయి. డిజిటల్ అయ్యాక ఇంకా అందంగా ఉంటాయి.

కాబట్టి ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకూ, యాజమాన్యాలకూ ఒక విన్నపం. ఈసారి ఆడిట్‌కు వెళ్లినప్పుడు పూర్తయిన తనిఖీల శాతం అడగడంతో ఆగకండి. ఈ ఏడాది ఎన్ని పర్మిట్‌లు నిరాకరించారు, "కాదు" అన్న ఒక్క జవాబుతో ఎన్నిసార్లు పని ఆపారు, ఆపినవాళ్లకు ఆ తరవాత ఏం జరిగింది అని అడగండి. ఆ మూడు జవాబులను ఫ్యాక్టరీ గేటు దగ్గర, కార్మికులకు అర్థమయ్యే భాషలో, ప్రతి నెలా రాసి పెట్టించండి.